ముద్ర పడని చీటీ

*నిద్రగోలీకి రూల్సు, ఫిట్సు మందుకు రూల్సు, క్యాన్సర్ నొప్పి మందుకు ఇంకా పెద్ద రూల్సు. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోని మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఈ రూల్సన్నీ ఒక చిన్న కాగితం మీద వచ్చి నిలబడతాయి.*

రాత్రి తొమ్మిదిన్నర. చైతన్యపురి మెట్రో స్టేషన్ మెట్లు దిగి, మిర్చిబజ్జీ బండి దాటి, హాస్టల్ బోర్డుల కింద నుంచి సందులోకి తిరిగితే ఒక మెడికల్ షాపు. కౌంటర్ ముందు డెబ్బై దాటిన పెద్దాయన. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, ఇల్లు సరూర్‌నగర్‌లో. చొక్కా జేబులోంచి చీటీ తీసి అద్దం మీద పెట్టారు. అది కాగితంలా మెత్తగా వాలలేదు, ప్లాస్టిక్ అట్టలా టక్కుమంది. ల్యామినేషన్ చేయించారు మరి. నాలుగేళ్ల కింద ఓ డాక్టరు రాసిన జోల్పిడెమ్ గోలీ చీటీ అది. మడతలు పడి చిరిగిపోతోందని పక్కనున్న జిరాక్స్ షాపులో ఇరవై రూపాయలిచ్చి చేయించుకున్నారట.

కౌంటర్ వెనక కుర్రాడు చీటీని తిప్పి చూశాడు. తేదీ చూశాడు. పెద్దాయన ముఖం చూశాడు.

"అంకుల్, దీని మీద ఇయ్యరాదు. కొత్త చిట్టీ తెచ్చుకోవాలె."

"నాలుగేండ్ల సంది గిదే చిట్టీ మీద ఇస్తున్నరు గద బాబూ. ఇయ్యాల ఏమైంది?"

"రూల్స్ టైట్ అయినయ్ అంకుల్. ఇచ్చినంక చిట్టీ మీద ముద్ర గొట్టాలె, తేదీ రాయాలె. దీని మీద ముద్ర నిలవదు, చూడండి."

అని రబ్బరు స్టాంపు తీసి నిజంగానే కొట్టి చూపించాడు. ఊదారంగు సిరా ప్లాస్టిక్ మీద క్షణంసేపు మెరిసింది. బొటనవేలితో రాస్తే షాపు పేరు, వీధి, ఊరు అన్నీ ఒకే మరకగా జారిపోయాయి. పెద్దాయన ఆ మరకను చూస్తూ కాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రికి గోలీ లేదు.

చూడటానికి చిన్న ముచ్చటే. కానీ మత్తు మందుల చట్టమంతా ఆ జారిపోయిన ముద్రలోనే ఉంది.

ఇప్పుడే ఎందుకీ గట్టితనం?

షాపులవాళ్లు ఒక్కసారిగా నీతిమంతులైపోలేదు. 2025లో హైదరాబాద్ వార్తల్లో అల్ప్రాజోలం అనే పేరు పదేపదే వినిపించింది. జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నిమ్స్, గాంధీ ఆసుపత్రుల్లో చేరినవాళ్లు పదుల్లో ఉన్నారు. ఆ కల్లు నమూనాల్లో బయటపడింది అల్ప్రాజోలమే. సెప్టెంబరులో అంతకుమించిన వింత జరిగింది. పాత బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు బడి నడుస్తున్న భవనంలోనే అల్ప్రాజోలం తయారు చేస్తున్నారని తేలింది. పట్టుకున్నది రాష్ట్ర ప్రభుత్వం మాదకద్రవ్యాల కట్టడి కోసం పెట్టిన 'ఈగల్' దళం. పిల్లలు ఎక్కాలు చదువుతున్న కట్టడంలోనే మరో గదిలో మత్తుమందు వండారు.

అప్పటి నుంచి ఔషధ నియంత్రణ శాఖ తనిఖీలంటే షాపులకు గుబులు. మామూలు మనిషిలా వచ్చి చీటీ లేకుండా గోలీ అడిగి, ఇచ్చారో లేదో చూసుకునే అధికారులున్నారని వ్యాపారుల్లో మాట. అందుకే 'డాక్టరు చీటీ లేనిదే మందులు ఇవ్వబడవు' అన్న పాత బోర్డు మీది దుమ్ము తుడిచారు. ఆ బోర్డు కింద నుంచే ఇన్నాళ్లూ ఎన్ని పట్టీలు చీటీ లేకుండా చేతులు మారాయో సందుకంతా తెలుసు.

గోలీ పట్టీ మీద ఎర్ర గీత చెప్పేదేమిటి?

మందుల అమ్మకానికి మూలం 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945లో వచ్చిన నిబంధనలు. అందులో 65వ నిబంధన చిల్లర మందుల షాపుకు భగవద్గీత లాంటిది. చదివినవాళ్లు తక్కువన్న విషయంలోనూ పోలిక కుదురుతుంది.

డాక్టరు రాస్తేనే అమ్మాల్సిన మందులన్నీ షెడ్యూల్ హెచ్‌లో ఉంటాయి. వాటిలో మరీ జాగ్రత్త పడాల్సిన 46 మందులను విడదీసి 2013 ఆగస్టులో షెడ్యూల్ హెచ్1 అని పెట్టారు. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎడాపెడా వాడేసి యాంటీబయాటిక్స్‌ను పనికిరాకుండా చేసుకుంటున్నామన్న భయం ఈ జాబితా పుట్టుకకు పెద్ద కారణం. జాబితాలో ఎక్కువ భాగం అవీ, క్షయ మందులే. వాటి పక్కనే అలవాటు పడే ప్రమాదమున్న మందులనూ చేర్చారు. అల్ప్రాజోలం, డయాజెపామ్, నైట్రాజెపామ్, జోల్పిడెమ్, ట్రమడాల్, కొడీన్, బుప్రెనార్ఫిన్ ఆ కోవలోవి. ఇవి అమ్మినప్పుడు షాపువాడు విడిగా ఒక రిజిస్టరులో మందు రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని గోలీలు ఇచ్చాడు అన్నీ ఎక్కించాలి. ఆ పుస్తకం మూడేళ్లు దాచాలి.

ఇంకా పైన షెడ్యూల్ ఎక్స్. ఏకాగ్రత కుదరని పిల్లలకిచ్చే మిథైల్‌ఫెనిడేట్, మత్తు డాక్టర్లు వాడే కెటామిన్, కొన్ని పాతకాలపు నిద్రమందులు ఇందులో ఉన్నాయి. వీటిని అమ్మడానికి వేరే లైసెన్సు కావాలి. బీరువాలో తాళం వేసి ఉంచాలి. డాక్టరు చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒక ప్రతిని షాపు రెండేళ్లు అట్టిపెట్టుకోవాలి.

వీటన్నిటి నెత్తిన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అందరూ ఎన్‌డీపీఎస్ అనేది, కూర్చుని ఉంది. నిద్రగోలీల్లోనూ నొప్పి మందుల్లోనూ చాలా పేర్లు రెండు చట్టాల్లోనూ కనిపిస్తాయి. ట్రమడాల్ 2018 ఏప్రిల్లో ఈ రెండో చట్టంలోకీ వచ్చింది. మందుల షాపు నిబంధన తప్పితే లైసెన్సు ఆగుతుంది. ఎన్‌డీపీఎస్ తలుపు తడితే జైలే.

> పెట్టె: పట్టీ తిప్పి చూడండి
>
> • ఎర్రని 'ఆర్ఎక్స్' గుర్తు: డాక్టరు చీటీ తప్పనిసరి.
>
> • ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక: హెచ్1 మందు. షాపు రిజిస్టరులో మీ పేరు ఎక్కాలి.
>
> • 'ఎన్ఆర్ఎక్స్': ఎన్‌డీపీఎస్ చట్టం కిందికీ వచ్చే మందు.
>
> • 'ఎక్స్ఆర్ఎక్స్': షెడ్యూల్ ఎక్స్. రెండు ప్రతుల చీటీ, తాళం వేసిన బీరువా.
>
> • చీటీ మీద ఉండాల్సినవి: డాక్టరు సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మొత్తం ఎన్ని గోలీలు, ఎలా వేసుకోవాలి.
>
> • ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేయాలంటే టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969.

డాక్టరు రాయని ఒక్క వాక్యం

మళ్లీ మళ్లీ కొనుక్కోవడం సంగతికొద్దాం. ఒకే చీటీ మీద ఎన్నిసార్లు మందు తీసుకోవచ్చు? చాలామంది లెక్కలో చీటీ చిరిగేదాకా. షాపువాళ్లలో కొందరి లెక్కలో తెలిసిన ముఖమైతే ఎప్పుడైనా. చట్టం మాత్రం ఒక్కసారే అంటుంది.

అయితే అక్కడితో ఆగదు. 65వ నిబంధనలోని పదకొండో ఉపనిబంధన ఇంకో మాట కూడా చెప్పింది. ఈ చీటీ మీద ఒకటికి మించి ఇవ్వవచ్చని డాక్టరే రాస్తే ఇవ్వవచ్చు. ఇన్నిసార్లు, ఇన్ని రోజులకోసారి అని రాస్తే ఆ లెక్క ప్రకారమే ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిసారీ డాక్టరు సంతకానికి పైన షాపు పేరు, చిరునామా, తేదీ వేయాలి. అంతే. పెద్దాయన లాంటివాళ్లకు కావాల్సిన దారి ఎనభై ఏళ్ల నాటి నిబంధనల్లోనే ఉంది. ఆ దారికి తాళంచెవి డాక్టరు కలం. ఏ ఫారమూ అక్కర్లేదు, ఏ కార్యాలయం మెట్లూ ఎక్కనక్కర్లేదు. 'పదిహేను రోజులకోసారి, మూడుసార్లు' అని ఒక్క వరస.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ చౌరస్తా దాకా క్లినిక్కుల్లోంచి వచ్చే చీటీలు పోగేసి చూస్తే ఆ వరస కనిపించడం అరుదు. మందు పేరు ఉంటుంది. '0-0-1' ఉంటుంది. కింద 'నెల తర్వాత రండి' అని ఉంటుంది. మొత్తం ఎన్ని గోలీలన్నది కూడా రాయని చీటీలే ఎక్కువ. రాయాలని అదే నిబంధన చెబుతున్నా సరే.

ఎందుకు రాయరు? డాక్టర్ల వైపు నుంచి చూస్తే కారణాలు లేకపోలేదు. నిద్రగోలీలూ ఆందోళన తగ్గించే గోలీలూ కొన్ని వారాలకు రాయాల్సినవి. ఏళ్ల తరబడి వాడితే ఒళ్లు వాటికి అలవాటు పడుతుంది, మోతాదు పెంచమంటుంది. మూడుసార్లు ఇవ్వమని రాస్తే రోగి మూడూ ఒకే వారంలో మూడు షాపుల్లో కొంటాడేమోనన్న అనుమానం. ఆ అనుమానానికి ఆధారముంది. అమెరికాలో లాగా ఏ రోగి ఏ షాపులో ఎప్పుడు కొన్నాడో ఒక్క మీటతో చూపించే ఉమ్మడి లెక్క మన షాపుల్లో లేదు. ఇక్కడ ఉన్నది ఎవరి షాపులో వాళ్ల నోటుపుస్తకం. ఇవి న్యాయమైన కారణాలే. ఓపీలో ఒక్కో మనిషికి దొరికేది మూడు నిమిషాలన్నది ఇంకో కారణం. మళ్లీ వస్తే మళ్లీ ఫీజు వస్తుందన్నది ఎవరూ పైకి అనని కారణం.

నష్టం మాత్రం పడాల్సినవాళ్ల మీద పడదు. మత్తు కోసం కొనేవాడికి ఒక షాపు కాకపోతే ఇంకో షాపు. పదేళ్లుగా ఒకే మోతాదు మీద నిలకడగా ఉన్న ఫిట్సు మనిషికి, గోలీ తప్పితే రాత్రంతా గుండె దడతో కూర్చునే ఇల్లాలికి నెలనెలా దొంగతనం చేస్తున్నట్టు కౌంటర్ ముందు నిలబడాల్సి వస్తుంది. ఈ గోలీల్లో కొన్నింటిని హఠాత్తుగా ఆపడం ప్రమాదం కూడా. నిద్ర పోతుంది, చేతులు వణుకుతాయి, ఒక్కోసారి ఫిట్సు వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద సర్కారు విరుచుకుపడ్డప్పుడు ఇదే పెద్ద ఎత్తున కనబడింది. కల్లులోని మత్తుకు అలవాటు పడ్డ ఒళ్లు, అది ఒక్కరోజున ఆగేసరికి పిచ్చెత్తినట్టయింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని ఆసుపత్రులకూ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ జనం పోటెత్తారు.

మన ఆర్‌ఎంపీ వేరు, చట్టం ఆర్‌ఎంపీ వేరు

ఇక్కడో తమాషా. చట్టం ఎక్కడ చూసినా 'ఆర్‌ఎంపీ చీటీ ఉంటేనే' అంటుంది. అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, వైద్య మండలిలో పేరున్న అసలు డాక్టరు. తెలుగునాట ఆర్‌ఎంపీ అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఊళ్లో బండి మీద తిరుగుతూ సూదేసే సారు. సాగర్ రింగ్‌రోడ్డు అవతలి బస్తీల్లో మొదటి డాక్టరు, చాలాసార్లు ఆఖరి డాక్టరూ ఆయనే. 'ఆర్‌ఎంపీ రాసిండు' అని రోగి చిట్టీ చూపిస్తే షాపు కుర్రాడు నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి. చట్టం అడిగిన మూడక్షరాలూ ఉన్నాయి, మనిషి మాత్రం వేరు. ఆయన రాసిన నిద్రగోలీకి చట్టం దగ్గర పైసా విలువ లేదు. నొప్పి తగ్గడానికి ఆయనిచ్చిన పట్టీలో ట్రమడాల్ ఉంటే విషయం ఇంకా ముదురుతుంది.

రెండో చిక్కు కౌంటర్ ఇవతలిది కాదు, అవతలిది. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం మందు ఇచ్చేటప్పుడు రిజిస్టరైన ఫార్మసిస్టు దగ్గరుండాలి. షాపు గోడ మీద ఫ్రేములో ఆయన సర్టిఫికెట్ ఉంటుంది. ఆయన ఉండరు. సర్టిఫికెట్ అద్దెకివ్వడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన గుట్టు. కంప్యూటర్ బిల్లులో డాక్టరు పేరు నింపాల్సిన గడిలో ఏదో ఒక పేరు కొట్టి ముందుకెళ్లడమూ అంతే. అలాంటి షాపులో హెచ్1 రిజిస్టరు ఎలా ఉంటుంది? తనిఖీ వస్తుందని కబురందిన రాత్రి కూర్చుని ఒకే పెన్నుతో మూడు నెలలు నింపినట్టుంటుంది. వేర్వేరు రోజుల రాతలు, సిరా మాత్రం ఒకటే.

చైతన్యపురి సందులోని కుర్రాడు మాత్రం ఆ బాపతు కాదు. బీ ఫార్మసీ చదివాడు, సర్టిఫికెట్ అతనిదే, గోడ మీద ఫొటోలో ఉన్నదీ అతనే. రిజిస్టరు పొడుగాటి గట్టి అట్ట పుస్తకం. నిలువు గీతలు స్కేలుతో తనే కొట్టుకున్నాడు. రోజుకు పది పన్నెండు వరసలు. హాస్టల్ పిల్లలు వచ్చి 'అన్నా, పరీక్షలున్నయ్, నిద్ర పడ్తలేదు, ఏమన్న ఇయ్యి' అంటారు. గ్రూప్స్ కోచింగ్‌వాళ్లు కొందరు, బ్యాంకు పరీక్షలవాళ్లు కొందరు. ఒక గదిలో ఆరుగురు, లైటు తెల్లవార్లూ. వాళ్లకు అతనిచ్చేది గోలీ కాదు, ఒక నంబరు: 14416. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ అనే ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. తెలుగులోనూ మాట్లాడతారు. 'నంబరెందుకన్నా, గోలీ అడిగితే' అని మొహం ముడుచుకుని పోయేవాళ్లే ఎక్కువట.

పట్టీకి కాపలా, కిలోకు స్వేచ్ఛ

ఇప్పుడు కాసేపు లెక్క వేద్దాం. అల్ప్రాజోలం చిన్న గోలీ కాలు మిల్లీగ్రాముది. ఒక కిలో పొడిలో అలాంటి గోలీలు 40 లక్షలు. చైతన్యపురి కుర్రాడు రోజుకు వంద గోలీలు చీటీ లేకుండా అమ్మినా ఒక్క కిలో ఖాళీ కావడానికి వందేళ్లకు పైనే పడుతుంది.

కల్లు దుకాణాలకు చేరేది ఈ పట్టీల గోలీ కాదు, ఆ కిలోల పొడి. హైదరాబాద్‌లో 2004లో మూతపడ్డ కల్లు కాంపౌండ్లు తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. తాటిచెట్లు, ఈతచెట్లు పెరగలేదు, తాగేవాళ్లు పెరిగారు. చెట్టు ఇవ్వని మత్తును క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలం ఇస్తున్నాయి. ఆ పొడి ఏ డాక్టరు చీటీ మీదా బయటికి రాదు. రసాయనశాస్త్రం తెలిసినవాళ్లు దొంగచాటుగా వండుతారు.

ఎన్‌డీపీఎస్ చట్టం వీళ్ల కోసమే కత్తి నూరింది. అల్ప్రాజోలం 5 గ్రాములదాకా 'చిన్న పరిమాణం', 100 గ్రాములు దాటితే 'వాణిజ్య పరిమాణం'. అక్కడి నుంచి పదేళ్లకు తగ్గని జైలు, లక్షకు తగ్గని జరిమానా. డాక్టరు చీటీ ప్రకారం నడిచే మందుకూ, ఆ చట్రం దాటిన అదే మందుకూ తేడా ఉందని సుప్రీంకోర్టు కూడా 2014లో తేల్చింది. చట్రం దాటితే 'ఇది మందే కదా' అన్న వాదన కాపాడదు. పాత ముఖాలకు చీటీ అడగని షాపువాడికి ఈ సంగతి తెలిస్తే నిద్రగోలీ అతనికే కావాల్సి వస్తుంది.

కల్లు కేసులు బయటపడ్డప్పుడల్లా మొదట బిగిసేది మాత్రం పట్టీ చుట్టూ తాడే. షాపు కళ్లెదుట ఉంటుంది, దొరుకుతుంది.

రెండు ప్రతుల తల్లి

కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్ స్థలానికి దగ్గర్లో ఉండే ఒక తల్లి కథ ఇంకో రకం. కొడుక్కు తొమ్మిదేళ్లు. కుదురు లేదు, చదువు ఎక్కదు, బడి నుంచి రోజుకో ఫిర్యాదు. పిల్లల మానసిక వైద్యుడు చూసి ఏడీహెచ్‌డీ అన్నారు, మిథైల్‌ఫెనిడేట్ రాశారు. ఆ చీటీ పట్టుకుని ఆమె ఎల్‌బీనగర్ చౌరస్తా చుట్టూ ఏడు షాపులు తిరిగింది. మొదటి ఆరింటిలో 'మా దగ్గర ఉండదమ్మా'. ఏడోవాడు కాస్త దయగలవాడు. 'ఇది ఎక్స్ మందు అక్కా, మాకు లైసెన్సు లేదు. రాసిన ఆసుపత్రి షాపులోనే అడుగు. రెండు కాపీలు రాయించుకున్నవా?' అన్నాడు.

రాయించుకోలేదు. డాక్టరూ చెప్పలేదు. మర్నాడు బడి మాన్పించి, ఆఫీసుకు సెలవు పెట్టి మళ్లీ అదే ఓపీ వరసలో నిలబడింది. ఎక్స్ లైసెన్సు తీసుకునే చిల్లర షాపులు తక్కువ. తీసుకుంటే రాతకోతలు, తాళాలు, తనిఖీలు. నెలకు అమ్ముడుపోయేది నాలుగు డబ్బాలు. ఏ వ్యాపారి పెట్టుకుంటాడు? ఫోన్లో డాక్టరుకు చూపించుకుని రాయించుకుందామంటే అదీ కుదరదు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు షెడ్యూల్ ఎక్స్ మందులను, ఎన్‌డీపీఎస్ మందులను ఫోన్లోనూ వీడియోలోనూ రాయకూడదన్నాయి. మర్నాడే ఇంటికి మందులు చేర్చేందుకు షాపులకు అనుమతిస్తూ వచ్చిన ఉత్తర్వు కూడా మత్తు మందులను, హెచ్1ను, ఎక్స్‌ను బయటే ఉంచింది. ఆన్‌లైన్ మందుల అమ్మకానికి 2018లో ముసాయిదా నిబంధనలు వచ్చాయి. ముసాయిదాగానే మిగిలాయి.

ఇప్పుడామె హ్యాండ్‌బ్యాగులో ప్లాస్టిక్ ఫోల్డరుంది. ప్రతి చీటీ రెండు ప్రతులు. సెలవు దొరకని నెలల్లో శని, ఆదివారాలు మందు ఆపి సర్దుతోందట. డాక్టరును అడిగే చేస్తున్నావా అంటే జవాబు రాలేదు.

లక్డీకాపూల్ దాకా పన్నెండు స్టేషన్లు

అన్నిటికంటే బరువైన కథ ఎల్‌బీనగర్ మెట్రోలో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగుతుంది. మధ్యలో పదకొండు స్టేషన్లు, పన్నెండోది అదే. అక్కడి నుంచి ఆటోలో రెడ్‌హిల్స్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. నల్గొండ, సూర్యాపేట బస్సులు దిగినవాళ్లు, వనస్థలిపురం, హయత్‌నగర్‌లవాళ్లు ఈ దారి పడతారు. రోగి రాలేని స్థితిలో ఉంటే కొడుకో కోడలో వస్తారు. వాళ్లు తీసుకెళ్లేది మార్ఫిన్ గోలీలు. క్యాన్సర్ ముదిరి ఎముకల్లోకి పాకినప్పుడు వచ్చే నొప్పికి ఇంకే గోలీ చాలదు. మామూలు మెడికల్ షాపులో అది దొరకదు.

నల్లమందు గసాలను చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. నీమచ్‌లో, ఘాజీపూర్‌లో సర్కారు ఫ్యాక్టరీలున్నాయి. మన నల్లమందు విదేశాల మందుల కంపెనీలకు పోతుంది. మన రోగులు మాత్రం నొప్పితో చనిపోతూ వచ్చారు. 1985 చట్టం వచ్చాక ఒక్క మందు సీసాకు ఆబ్కారీ నుంచి ఔషధ శాఖ దాకా నాలుగైదు అనుమతులు కావాల్సి వచ్చింది. అన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాలి. చివరి అనుమతి చేతికొచ్చేలోపు మొదటిదానికి గడువు తీరిపోయేది. లెక్కలో చిన్న పొరపాటుకు కూడా పదేళ్ల జైలన్న భయం. ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టడమే మానేశాయి. వందల కిలోలుండే దేశపు వైద్య వాడకం తొంభైల చివరికి దాదాపు 18 కిలోలకు పడిపోయింది. ఇంత పెద్ద దేశానికి!

కేరళలో పాలియం ఇండియా స్థాపించిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్లపాటు ఢిల్లీ చుట్టూ తిరిగితే 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఆ వారం తెలుగువాళ్లలో ఒక్కరు కూడా ఆ వార్త చూసి ఉండరు. అదే వారంలో, అదే పార్లమెంటులో రాష్ట్ర విభజన బిల్లు. టీవీల్లో ఇంకేమీ లేదు. ఆ సందట్లోనే నొప్పి మందుల బిల్లు రెండు సభలూ దాటిపోయింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికొడోన్, కొడీన్, హైడ్రోకొడోన్ అనే ఆరింటిని అత్యవసర మందులన్నారు. 2015 మే నుంచి రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తించిన వైద్యసంస్థ ఒక్క అనుమతితోనే వాటిని ఉంచుకోవచ్చు. నొప్పి నివారణలో శిక్షణ పొందిన డాక్టరుండాలి, లెక్క చూపాలి.

ఎంఎన్‌జే ఆ మార్పు కోసం చేతులు ముడుచుకు కూర్చోలేదు. డాక్టర్ గాయత్రీ పాలత్ నాయకత్వంలో అక్కడ నొప్పి నివారణ విభాగం 2006లోనే మొదలైంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ రంగానికి అదే అమ్మగారిల్లు. కదల్లేని రోగుల ఇళ్లకు వాళ్ల బండి వెళుతుంది. అయినా హయత్‌నగర్ అవతల మంచాన పడ్డ మనిషికి కొడుకు ఒక పూట కూలి పోగొట్టుకుని మెట్రో ఎక్కాల్సిందే. పట్టీ అయిపోవడానికి రెండు రోజుల ముందే బయల్దేరాలన్నది ఆ వరసలో కూర్చునేవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మొదటి జాగ్రత్త.

> పెట్టె: సూట్‌కేసులో గోలీలు
>
> దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాగులు కొని అమెరికా విమానమెక్కే పిల్లల తల్లులు ఆవకాయ సీసాల మధ్య ఏడాదికి సరిపడా మందులు సర్దుతారు. మత్తు జాబితాలోని మందులతో జాగ్రత్త.
>
> • మన దేశంలోనే సైకోట్రోపిక్ మందులు సొంత వాడకానికి ఒకేసారి 100 మోతాదులదాకానే ఉంచుకోవచ్చు. దీర్ఘకాలం వాడాలని డాక్టరు ప్రత్యేకంగా రాస్తే 300 దాకా.
>
> • అమెరికాలో అల్ప్రాజోలం, జోల్పిడెమ్, ట్రమడాల్ నాలుగో షెడ్యూల్‌లో ఉన్నాయి. ఆరు నెలల్లో ఐదుసార్లదాకా మళ్లీ ఇవ్వవచ్చు. మిథైల్‌ఫెనిడేట్ రెండో షెడ్యూల్. ప్రతిసారీ కొత్త చీటీ కావాలి.
>
> • బ్రిటన్‌లో ముఖ్యమైన మత్తు మందుల చీటీకి 28 రోజులే ఆయుష్షు.
>
> • దుబాయి వెళ్లేవాళ్లు ట్రమడాల్ లాంటివి తీసుకెళ్లాలంటే ముందే అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి.

మళ్లీ ఆ కౌంటర్ దగ్గరికి

నాలుగు రోజుల తర్వాత పెద్దాయన మళ్లీ వచ్చారు. ఈసారి కాగితం మెత్తగా ఉంది. కూతురు వెంటబెట్టుకుని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లిందట. డాక్టరు నాలుగేళ్ల కథంతా విని, ఒక్కసారిగా ఆపొద్దన్నారు. మోతాదు సగానికి తగ్గించారు. కింద ఇంకో వరస రాశారు: పదిహేను రోజులకోసారి, మూడుసార్లు, తర్వాత కనిపించాలి.

కుర్రాడు ఆ వరసను రెండుసార్లు చదివాడు. రిజిస్టరు తీసి డాక్టరు పేరు, క్లినిక్కు చిరునామా, పెద్దాయన పేరు, మందు, 15 అని రాశాడు. చీటీ మీద సంతకానికి పైనున్న ఖాళీలో ముద్ర కొట్టి, పక్కన తేదీ వేశాడు. సిరా ఇంకేదాకా పెద్దాయన కాగితాన్ని రెండు అంచులూ పట్టుకుని గాలికి ఆడించారు.

"ఇంక రెండుసార్లు ఉన్నట్టే గద బాబూ?"

"ఉన్నట్టే అంకుల్."

పట్టీ జేబులో వేసుకుని మెట్లు దిగి, జిరాక్స్ షాపు వైపు రెండడుగులేశారు. కుర్రాడు కౌంటర్ మీంచి వంగి గట్టిగా అరిచాడు.

"అంకుల్, దాన్ని మాత్రం ల్యామినేషన్ చేయించకుండ్రి!"